అత్త వలకు నా వకాల్తా

కేసు ఓడిపోవడానికి చాలా దారులున్నాయి. వాయిదాకు ఆలస్యంగా వెళ్ళవచ్చు. కాగితాలు ఇంట్లో మరిచిపోవచ్చు. అవతలి ప్లీడరు మనకంటే తెలివైనవాడు కావచ్చు. ఇవన్నీ మామూలు మనుషులు ఓడిపోయే పద్ధతులు. నేను కనిపెట్టిన పద్ధతిని మాత్రం నెల్లూరు జిల్లాలో ఇంతవరకు ఎవరూ వాడినట్టు లేదు, ఇకముందు వాడతారన్న నమ్మకమూ లేదు. మా మేనత్త కామాక్షమ్మ గెలవాల్సిన కేసును, ఆమె పక్షాన వెళ్ళి, నా రెండు చేతులతో నేనే ముంచబోయాను. ఎలాగో చెబుతాను. ఎంతైనా నవ్వుకోండి గాని మధ్యలో లేచి వెళ్ళకండి. చివర్లో ప్రమాణం కూడా ఉంది.

నాలుగైదేళ్ళ కిందటి మాట. కృష్ణపట్నం రేవుకు దక్షిణంగా సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పాళెం మాది. నేను నెల్లూరులో డిగ్రీ పూర్తిచేసి, చేపల వాసన రాని ఉద్యోగం ఏదైనా సరేనని ఎదురుచూస్తున్న రోజులు. ఆ ఎదురుచూపుల్లో ఒకసారి వినియోగదారుల హక్కుల మీద రెండు రోజుల శిక్షణ ఉందంటే వెళ్ళాను. నిజం చెప్పాలంటే మధ్యాహ్నం భోజనం పెడతారని తెలిసి వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం భుజానికి ఒక సంచి, సంచిలో ఒక పుస్తకం, పుస్తకంలో ఒక సర్టిఫికెట్, నా బుర్రలో ఒక సుప్రీంకోర్టు ఉన్నాయి.

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు సర్టిఫికెట్ వచ్చింది గనక పొద్దున్నే బిల్లు పట్టమన్నాను. ఎవరిని? మా వీధి చివర ఇడ్లీలు వేసే రమణక్కను.

"బిల్లా?" అంది రమణక్క, గరిటె చట్నీలో ఉండగానే. "నాలుగు ఇడ్లీలకు బిల్లేంది శీనయ్యా?"

"అడిగితే ఇవ్వాలక్కా. అది నా హక్కు."

"అట్నా? పోయిన వారం తిన్నావే, దానికీ రాసియ్యమంటావా? అది నా హక్కు."

పోయిన వారం ఇడ్లీలకు నేను డబ్బులివ్వలేదన్న సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా నేను తగ్గలేదు. బస్టాండులో నీళ్ళ సీసా మీద ముద్రించిన ధర కంటే రెండు రూపాయలు ఎక్కువ అడిగినందుకు కొట్టువాడితో అరగంట వాదించి బస్సు పోగొట్టుకున్నాను. బిస్కెట్ పొట్లం చూపిస్తే చాలు, దాని పుట్టిన తేదీ, పోయే తేదీ చదివి వినిపించేవాణ్ణి. వారం తిరిగేసరికి పాళెంలో నా పేరు బిల్లు శీనయ్య. నన్ను చూస్తే కొట్లవాళ్ళు తలుపులు దగ్గరగా వేసుకునేవాళ్ళు. అది భయమని నేను అనుకున్నాను.

ఇక మా అత్త సంగతి. మా అమ్మానాన్న పొద్దున్నే పోర్టు పనికి కంపెనీ బస్సెక్కేవాళ్ళు గనక నేను అత్త చేతిలోనే పెరిగాను. అత్త మూడో తరగతితో బడికి నమస్కారం పెట్టిన మనిషి. మామ చెంచయ్య వల వేస్తాడు, పడిన చేపల్ని అత్త తట్టలో పెట్టుకుని ఊళ్ళ మీద అమ్ముతుంది. మామ రోజుకు పది మాటలు మాట్లాడతాడు. మిగిలినవన్నీ అత్త మాట్లాడుతుంది. బేరంలో ఆమెను ఓడించినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఆ ఇంట్లో ఒకే ఒక చట్టం ఉండేది. చినిగిన వల ముందు ఖాళీ చేతులతో కూర్చోకూడదు. కబుర్లు చెప్పుకోవచ్చు, కాఫీ తాగవచ్చు, తగవులాడుకోవచ్చు, చేతులు మాత్రం వల కుడుతూ ఉండాలి. నాకు ఐదో ఏట అత్త వల సూది చేతికిచ్చింది. పలక కంటే ముందు నాకు తెలిసింది ఆ సూదే. ఇంకో అలవాటు కూడా ఉండేది, గుర్తుపెట్టుకోండి. వల ఏ రంగుదైనా అత్త ఎర్ర నూలుతోనే కుట్టేది, మాతో కుట్టించేది. "ఎర్ర ముడులు చూస్తే వలకు ఎంత వయసైందో తెలస్తాదిరా" అనేది. ఎర్ర ముడులు మరీ ఎక్కువైతే వల మార్చే కాలం వచ్చిందని లెక్క.

ఆ ఏడు అలాగే లెక్క తేలింది. వేసవిలో వేట నిషేధం అయిపోయి పడవలు నీళ్ళలో దిగే ముందు అత్త నెల్లూరు వెళ్ళి కొత్త వల తెచ్చింది. ఆకుపచ్చగా, చూడముచ్చటగా ఉంది. రెండేళ్ళపాటు పండగలకు చీర కొనుక్కోకుండా దాచిన డబ్బుతో కొన్న వల అది. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి మామ దాన్ని సముద్రంలో వేశాడు. మొదటి రోజే, పైకి లాగుతుండగా, మూడు చోట్ల చాటంత చాటంత చిరుగులు పడ్డాయి. వచ్చిన చేపలు వచ్చినట్టే వెళ్ళిపోయాయి. మామ ఆ రోజు పది మాటలు కూడా మాట్లాడలేదు.

అత్త మర్నాడే వల ఎత్తుకుని కొట్టుకు వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి గుమ్మంలో కూర్చుంది. 

"ఏమన్నాడత్తా?"

"రాళ్ళ మీద ఏసుకోనుంటారు అన్నాడు. లేదు సామీ, ఆడ అంతా ఇసకే అన్యా. అయితే నీళ్ళలో ఏసింది నీళ్ళనే అడగమన్నాడు. బిల్లు తిప్పి చూపించినాడు. ఏందో రాసుండాదంట దాని మీద."

బిల్లు తీసుకుని చూశాను. అడుగున చిన్న అక్షరాలతో, 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఉంది.

"వల పోతే పోయింది, ఇంకో రెండేళ్ళు పాత కోకలే కట్టుకుంటా" అంది అత్త. "కొట్టు నిండా జనం. అందరి ముందర అబద్ధాలు చెప్తుండావు అన్నాడ్రా నన్ను. నలభై ఏళ్ళు చేపలమ్మినా. చెడిన చేప ఒక్కటి ఒకరి తట్టలో ఏసిందాన్ని కాదు."

 నాకు గుండెల్లో కలుక్కుమంది. ఆ వెంటనే, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆనందమేసింది. నాకు కేసు దొరికింది!

"అత్తా, ఈ మాట అచ్చేసుకున్నంత మాత్రాన చెల్లదు! లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనంటే అదే పెద్ద తప్పు. చట్టంలో ఉంది. వాణ్ణి వినియోగదారుల కమిషన్‌కి ఈడుస్తా!"

"కమిషనంటే? ప్లీడరు కావాల్నా?"

"అక్కర్లేదు. మనమే వెళ్ళి చెప్పుకోవచ్చు. ఇంత చిన్న కేసుకు ఫీజు కూడా లేదు. నేనున్నా కదా."

అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వుండావు సరే" అంది. ఆ 'సరే'లో ఏముందో నాకు ఆ రోజు తెలియలేదు.

మూడు రోజులు కూర్చుని ఫిర్యాదు రాశాను. నాలుగు పేజీలు. 'యావన్మంది వినియోగదారుల ప్రయోజనముల దృష్ట్యా' అని మొదలై 'తమరి విధేయురాలు' అని ముగిసింది. చదివి వినిపించి, మెచ్చుకుంటుందని ఆగాను.

"బాగుండాది" అంది అత్త. "ఇందులో వల యాడుందిరా?"

వెతికాను. నాలుగు పేజీల్లో ఎక్కడా వల లేదు. ప్రజాస్వామ్యం రెండుసార్లు ఉంది.

"రాసుకో" అంది అత్త, చేపలు తోముతూ. "ఫలానా రోజు ఫలానా కొట్లో వల కొన్నా. మొదటి రోజే చినిగింది. మార్చమంటే మార్చలా, పైగా అబద్ధాలకోరు అన్నాడు. నాకు మంచి వల కావాల, ఆ మాట ఎనక్కి తీసుకోవాల. అంతే."

ఆ నాలుగు వాక్యాలే రాశాం. తరువాత కమిషన్ ఆఫీసులో గుమాస్తా అది చదివి, "ఎవరమ్మా రాసింది? ఇంత శుభ్రంగా ఎవరూ రాయరు" అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. అత్త నన్ను చూసి నవ్వింది గాని గుట్టు విప్పలేదు. బిల్లు, వల కట్ట మీది కంపెనీ చీటీ, ఆఖరికి వల చుట్టిన కాగితం కూడా ఆమె బియ్యం డబ్బాలో భద్రంగా దాచి ఉంచింది. ఏ శిక్షణా ఏ సర్టిఫికెట్టూ లేకుండానే!

నా వంతు పని సాక్ష్యాన్ని కాపాడటం. చినిగిన వలను గోతంలో మూటగట్టి, తాడు బిగించి, వసారాలో దూలానికి వేలాడదీసి, 'సాక్ష్యం. ముట్టరాదు' అని అట్టముక్క కట్టాను. ఎవరు ముడతారని? మా మామే! చినిగిన వల ఇంట్లో ఉంటే ఆయనకు అన్నం సయించదు. ఆ మూట చుట్టూ తిరిగేవాడు. ఒక మధ్యాహ్నం సూది పట్టుకుని తాడు విప్పుతూ దొరికిపోయాడు.

"మామా! ఏం చేస్తున్నావు?"

"ఒక్క కన్ను" అన్నాడు మామ, దొంగలా. కన్నంటే వలకన్ను.

"ఒక్క కన్ను కుట్టినా కేసు పోతుంది! చిరుగే మనకు ఆధారం!"

"చూడలేకపోతుండా అబ్బయా."

అరగంట ఉపన్యాసం ఇచ్చాను. సాక్ష్యమంటే ఏమిటో, దాన్ని చెడగొడితే ఏమవుతుందో, చదువులేకపోవడం వల్ల జాతికి ఎంత నష్టమో చెప్పాను. మామ తల వంచుకుని విని, సూది చూరులో దోపి, ఆ ఏడంతా పాత వలతోనే వేటకు వెళ్ళాడు. పడాల్సిన చేపల్లో సగం కూడా పడలేదు. ఆ మనిషికి ఆ రోజు నేనిచ్చిన ఉపన్యాసం తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

"ఫోటోలు తీసినావా?" అని అత్త ఒకసారి అడిగింది. తీశాను. పదకొండు తీశాను. అన్నిట్లోనూ నేను వల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. చిరుగులు నా వెనక ఉన్నాయి.

నోటీసులు వెళ్ళాయి, రెండు వాయిదాలు పడ్డాయి. మూడో వాయిదాకు చినిగిన వల తెచ్చి చూపించమన్నారు. పొద్దున్నే గోతం నెత్తిన పెట్టుకుని బస్సులో నెల్లూరు చేరాం. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. జేబులో వాదన రాసుకున్న కాగితం ఉంది. అందులో తొమ్మిది అంశాలు.

కమిషన్ వరండాలో బల్ల మీద కూర్చున్నాం. పక్కన కోవూరు నుంచి వచ్చిన పెద్దాయన, మొలకెత్తని వరి విత్తనాల సంచితో ఉన్నాడు. మా కేసు భోజనాల తరువాతే పిలుస్తారని తెలిసింది. అత్త తన అలవాటు ప్రకారం ఒడిలోంచి సూది, ఎర్ర నూలు తీసి, ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న వల సంచి అల్లుకుంటూ కూర్చుంది. కాసేపటికి లోపల కాగితాల మీద వేలిముద్రో సంతకమో కావాలని గుమాస్తా పిలిచాడు. లోపల పెద్ద వరుసే ఉంది, గంటకు పైగా పట్టే పని.

"పట్టుకో" అని నూలు తెంపి సూది నా చేతిలో పెట్టి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "ఆ మూట ఇప్పి చూడు, ఎలకలు గిలకలు కొట్టుంటాయేమో" అంది.

విప్పాను. ఎలుకలు కొట్టలేదు. మూడు చిరుగులు మూడుగానే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని, వల ఒడిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాదన నెమరువేయడం మొదలుపెట్టాను.

చదువరులారా, ఇక్కడ కాస్త జాలిపడండి. ఒడిలో చినిగిన వల. చేతిలో నూలెక్కించిన సూది. నోట్లో తొమ్మిది అంశాలు. ఐదో ఏట నుంచి నా చేతులకు ఒకటే చట్టం తెలుసు, అది పార్లమెంటు చేసింది కాదు.

అంశం ఒకటి, వస్తువులో లోపం... ఒక ముడి. అంశం రెండు, అనుచిత వ్యాపార పద్ధతి... ఇంకో ముడి. నోరు చట్టం చదువుతోంది, చేతులు తమ చట్టం అమలు చేస్తున్నాయి. ముడి బిగిస్తుంటే పక్కన పచ్చ కన్ను పుటుక్కున తెగేది. దాన్నీ కలుపుకుని కుట్టేవాణ్ణి. మిగిలిన కొసలు పళ్ళతో కొరికి ఉమ్మేవాణ్ణి. అంశం ఐదు దగ్గరికి వచ్చేసరికి మొదటి చిరుగు మాయమైంది.

"ఏం చెయ్యి అబ్బయా నీది!" అన్నాడు కోవూరు పెద్దాయన, నోరు తెరుచుకుని. "మిషను మాదిరి పోతా ఉండాదే!"

నిజంగా చెడగొట్టింది ఆ మెచ్చుకోలు. మెచ్చుకుంటే నేను ఆగే మనిషిని కాను. వరండాలో నలుగురు చుట్టూ చేరారు. మిక్సీ కేసుకు వచ్చిన ఒకావిడ, "మాక్కూడా ఒక ఉయ్యాల అల్లిస్తావా నాయనా" అని అడిగింది. నేను కళ్ళు తెరవకుండానే చిరునవ్వు నవ్వాను. అంశం తొమ్మిది, 'కావున న్యాయం చేయవలసిందిగా ప్రార్థన' అనేసరికి మూడో చిరుగు కూడా పూర్తయింది. కొస కొరికాను. కళ్ళు తెరిచాను.

ఎదురుగా అత్త నిలబడి ఉంది.

ఆమె నన్ను చూసింది. వలను చూసింది. మళ్ళీ నన్ను చూసింది. నేనూ వలను చూశాను. ఒక్క రంధ్రం లేదు. కొత్త పెళ్ళికూతురి ముసుగులా నిండుగా ఉంది.

"అత్తా..." అన్నాను. 

"నీ చేతులు ఇరగ" అంది అత్త నెమ్మదిగా. "ఆరు నెలలు మీ మామను ముట్టనియ్యలేదు గదరా!"

"విప్పేస్తా అత్తా, మళ్ళా చించేస్తా..."

"చించితే అది మనం చించిందవతాది. గమ్మునుండు." అప్పుడే లోపలి నుంచి మా కేసు పిలిచారు. అత్త వల చుట్టబెడుతూ నన్ను ఒకే ఒక్క మాట అడిగింది. "కుట్టేటప్పుడు పక్కన కండ్లు తెగినాయా?"

"తెగాయత్తా. చాలా."

"సరే, పద" అంది. ఈసారి ఆ 'సరే' వేరే రకంగా వినిపించింది.

లోపల ఎత్తు బల్ల వెనక అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని కూర్చున్నారు. అవతల కొట్టు యజమాని సుబ్బరాయుడు గారు, ఆయన ప్లీడరు. ప్లీడరు గారు లేచీ లేవగానే మొదలుపెట్టారు.

"మేడమ్, అసలీమె వినియోగదారే కాదు. చేపలమ్మి లాభం సంపాదించడానికి వల కొన్నది. ఇది వ్యాపార కొనుగోలు. ఈ కమిషన్ కిందికి రాదు."

దీనికి సమాధానం నా అంశం మూడు. జేబులో ఉంది.  మాటలు కోటలు దాటే మనిషికి ఆ రోజు ఒక్క మాట పెదవి దాటలేదు. అత్త లేచి నిలబడింది.

"అమ్మా, నాకింద కూలోళ్ళు ఎవురూ లేరు. వల నా మొగుడు ఏస్తాడు, చేపలు నేను నెత్తినబెట్టుకుని అమ్ముతా. ఆ పూట పడితే ఆ పూట తింటాం. వ్యాపారమైతే ఆ సామి మాదిరి నేనూ ప్లీడరును పెట్టుకోనుందునే. నాకీ మేనల్లుడే గతి."

అధ్యక్షురాలు నన్ను చూశారు. నేను చొక్కా గుండీ సరిచేసుకున్నాను. "సొంతంగా కష్టపడి బతుకుతెరువు కోసం కొనుక్కున్నవాళ్ళు కూడా వినియోగదారులే" అన్నారామె ప్లీడరుతో. "చట్టంలోనే ఉంది. ముందుకెళ్ళండి. ఏదీ, చినిగిన వల చూపించండి."

ఆ క్షణంలో భూమి విచ్చుకుంటే అందులోకి దూకేవాణ్ణి. బంట్రోతూ నేనూ చెరోవైపు పట్టుకుని వల పరిచాం. ప్లీడరు గారు ముందుకు వంగి చూశారు. ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. ఆయన ముఖం పౌర్ణమి నాటి సముద్రంలా పొంగింది.

"మేడమ్! చిరుగెక్కడ? ఒక్క రంధ్రం చూపించమనండి! మా కక్షిదారు సరుకు నిక్షేపంలా ఉంది!"

సుబ్బరాయుడు గారు మీసం దువ్వుకున్నారు. "నేను ఆ రోజే చెప్పినా మేడమ్, అబద్ధాలని."

అధ్యక్షురాలు కళ్ళజోడు తీశారు. "ఏమ్మా? ఏమిటిది?"

నేను మా అత్తను చూడలేక గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. ఆమె గొంతు వినిపించింది. పొద్దున చేపల బేరంలో ఎంత తాపీగా ఉంటుందో అంత తాపీగా ఉంది.

"అమ్మా, కొట్లో ఇచ్చిన వల ఏం రంగు?"

"ఆకుపచ్చ" అన్నారామె.

"నా నూలు ఎరుపు. ఇదిగో, ఈ కండెలో ఉండాది. ఎరుపు యాడుంటే ఆడ చిరుగు. మా వాడు బయట కూర్చోని, బుద్ధి లేక, చేతులు ఊరకుండక ఇప్పుడే కుట్టేసినాడు. వరండాలో పదిమంది చూసినారు. కుట్టింది తప్పే. కుట్టినంత మాత్రాన చినగలేదని యాడుందమ్మా? మానిన పుండుకు మచ్చ ఉండదా?"

అధ్యక్షురాలు లేచి నిలబడి చూశారు. పచ్చటి వల మధ్య మూడు పెద్ద ఎర్రటి మరకలు, పుట్టుమచ్చల్లా కనిపిస్తున్నాయి. అప్పటిదాకా నాకే తట్టలేదు!

"మంచి వలను కావాలని కోసి కుట్టి ఉండవచ్చు కదా మేడమ్" అన్నారు ప్లీడరు గారు. తెలివైన మాట. 

"నిజమే సామీ" అంది అత్త. ఒప్పేసుకుంది! "నా మాట నమ్మబాకండి. నా మేనల్లుడి మాట అసలే నమ్మబాకండి. మీ కొట్టాయన్నే రమ్మనండి. మంచి సరుకని ఆయనకు నమ్మకముండాదిగా? తన చేత్తో పచ్చ కన్ను ఒకటి పట్టుకోని లాగమనండి. మెల్లిగానే. నా మొగుడు లాగినట్టు కాదు, తల దువ్వుకున్నట్టు లాగితే చాలు."

గదిలో చిన్న నవ్వు పాకింది. సుబ్బరాయుడు గారికి రోషం వచ్చింది. ప్లీడరు గారు 'వద్దు' అన్నట్టు చెయ్యి ఎత్తేలోపే ఆయన ముందుకు వచ్చి, "చూడండి మేడమ్, ఎంత గట్టిదో!" అంటూ రెండు వేళ్ళతో పచ్చ కన్ను పట్టుకుని లాగారు.

పుటుక్కు.

ఆయన నమ్మలేక పక్కది పట్టుకున్నారు. అదీ తెగింది. చెమట పట్టి, ఇంకోటి గట్టిగా లాగారు. ఈసారి జానెడు మేర పర్రున చినిగి, ఆ చినుగు గబగబా పరిగెత్తి, నేను కుట్టిన ఎర్ర ముడుల దగ్గరికి వచ్చి టక్కున ఆగిపోయింది.

 సుబ్బరాయుడు గారి వేళ్ళకు పచ్చటి పీచు వేలాడుతోంది.

"పరీక్షకు ల్యాబుకు పంపమంటారా?" అని అధ్యక్షురాలు అడిగారు. పెదవులు బిగబట్టారు గాని కళ్ళు నవ్వుతున్నాయి. ప్లీడరు గారు తన కక్షిదారును పక్కకు లాక్కెళ్ళి గుసగుసలాడారు. సుబ్బరాయుడు గారు తిరిగొచ్చేసరికి మీసం కిందికి వాలిపోయి ఉంది. కొత్త వల ఇస్తామన్నారు. ఖర్చులిస్తామన్నారు. బిల్లు మీద ఆ చిన్న అక్షరాల వాక్యం తీసేయాలని అధ్యక్షురాలు చెప్పి రాయించారు.

"ఇంకేమైనా కావాలామ్మా?" అని అడిగారామె.

"ఒక మాట ఎనక్కి తీసుకోవాల" అంది అత్త.

సుబ్బరాయుడు గారు చేతులు జోడించారు. "తప్పయిపోయింది తల్లీ. కట్ట ఇప్పి చూడకుండా అమ్మినా. పాత సరుకు కలిసిపోయినట్టుంది. నువ్వు చెప్పింది నిజమే."

అత్త తల ఊపింది. అంతే. దెప్పిపొడవలేదు, రంకెలు వేయలేదు. కోపమంతా అక్కడే వదిలేసి, "మంచి నూలు ఏ కంపెనీదో చెప్పు సామీ, మా పాళెంలో నలుగురికి చెప్తా" అంది. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నేను తొమ్మిది అంశాలతో గెలవాలనుకున్న కేసును, నా మూర్ఖత్వం కూడా కలుపుకుని, ఆమె నాలుగు మాటలతో గెలిచింది. ఆ రోజు నుంచి మా అత్తంటే నాకు ప్రేమతో పాటు కొంచెం భయం కూడా పట్టుకుంది.

బయటికి రాగానే కోవూరు పెద్దాయన, "తల్లీ, నా విత్తనాల కేసులో కూడా వచ్చి మాట్లాడరాదా" అన్నాడు. నన్నెవరూ అడగలేదు.

బస్సులో నేను తల దించుకుని కూర్చుంటే అత్త నా చెయ్యి తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది. సూది గుచ్చుకుని వేలి కొసన రక్తం చుక్క ఎండి ఉంది.

"చదువుకోని పెద్దోడివైపోయినావు, నా చెయ్యి మరిచిపోయినావనుకున్యా" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "మరవలేదు రా."

నాకు ఏడుపొచ్చింది. చేపల వాసన రాని చేతుల కోసం అంతకాలం ఎదురుచూసినందుకు సిగ్గేసింది. అత్త కొంగుతో నా ముక్కు తుడిచి, "ఏడవబాక, చొక్కా పాడవతాది, ఇస్త్రీకి డబ్బులిచ్చినావు గదా. బిల్లు తీసుకున్యావా?" అంది.

ఇంటికి చేరాక జరిగినదంతా అత్తే మామకు చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు. నన్ను తిట్టే హక్కు లోకంలో ఎవరికైనా ఉందంటే ఆయనకే ఉంది. లేచి వెళ్ళి గోతం విప్పి, నేను కుట్టిన మూడు చోట్లూ దీపం దగ్గర పెట్టి వేళ్ళతో తడిమి తడిమి చూశాడు. 

"రెండో చిరుగులో నాలుగో ముడి వదులు" అన్నాడు.

చూరులోంచి సూది తీసి, బిగించి, వెళ్ళి పడుకున్నాడు. ఆరు నెలల తరువాత ఆయనకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

ఇప్పుడు మా పాళెంలోనూ చుట్టుపక్కలా ఎవరికి ఏ కేసు వచ్చినా నేనే ఫిర్యాదు రాసిపెడతాను. నాలుగు వాక్యాల్లో. వస్తువేదో మొదటి వాక్యంలోనే ఉంటుంది. నెల్లూరు బయలుదేరే ముందు మా అత్త నా సంచి, జేబులు వెతికి, సూది లేదని తేలితే గాని బస్సెక్కనివ్వదు.

కాబట్టి అందరి ఎదుటా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సాక్ష్యం ఉన్నచోట నా రెండు చేతులూ కట్టుకుని, నోరు కూడా వీలైనంత కట్టుకుని కూర్చుంటాను. ఎవరెంత మెచ్చుకున్నా ఒక్క ముడి కూడా వేయను. ఒకసారి చేసిన ప్రమాణం వాపసు తీసుకోబడదు. అయితే అలా అచ్చేసుకున్నంత మాత్రాన చెల్లదని మీకు చెప్పింది నేనే గనక, ఇందులో లోపమేదైనా కనిపిస్తే మా అత్త దగ్గరికి తీసుకురండి. ఎర్ర నూలుతో కుట్టి ఇస్తుంది.